ఒకే గుండె, రెండు పేర్లు

లివర్‌పూల్ నగరానికి వెళ్ళిన వారందరూ తప్పకుండా చూసే స్థలాలు కొన్ని ఉన్నాయి. మెర్సీ నది ఒడ్డున పాత ఓడరేవులు, రెండు పెద్ద చర్చీలు, బీటిల్స్ గాయకులు పెరిగిన ఇళ్ళు. అక్కడి ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేస్తున్న మా తమ్ముడు నాకు ఇవన్నీ చూపించాలని ఒక శనివారం తీరిక చేసుకున్నాడు. నేను మాత్రం వాల్టన్ జైలు చూడాలన్నాను.

"జైలేమిటక్కా? లోపలికి ఎవరినీ రానివ్వరు. బయటి గోడ తప్ప ఏమీ కనపడదు" అన్నాడు.

"ఆ గోడ చూస్తే చాలురా" అన్నాను.

నా వృత్తి అనువాదం. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, పరుల మాటలను తెలుగులోకి తెచ్చే పనిలో ఇరవై ఏళ్ళు గడిపాను. ఆ మధ్య చేతికి వచ్చిన ఒక పుస్తకం మొదటి పుటలోనే నన్ను ఆపివేసింది. 1914లో అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘ప్రిజన్స్ అండ్ ప్రిజనర్స్’. రచయితల పేర్లు రెండున్నాయి. ఒకటి కాన్‌స్టెన్స్ లిట్టన్, రెండవది జేన్ వార్టన్. మొదటి ఆమె ప్రభువు కుమార్తె. రెండవ ఆమె కుట్టుపని చేసుకొని బ్రతికే పేదరాలు. నిజానికి ఇద్దరూ ఒక్కరే. ఒకే మనిషి తన అసలు పేరుతోనూ, మారు పేరుతోనూ జైలుకు వెళ్ళి, అక్కడ తన శరీరానికి ఏమి జరిగిందో పోల్చి చూసిన పుస్తకమది.

ఆ రెండవ పేరు ఉన్న జైలు వాల్టన్. అయితే మొదటి పేరు ఏమిటో తెలిస్తే తప్ప రెండవ పేరు విలువ తెలియదు. అందుకని లివర్‌పూల్ రైలు ఎక్కడానికి రెండు రోజుల ముందు లండన్‌కు ఉత్తరంగా సుమారు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న నెబ్‌వర్త్ భవనానికి వెళ్ళి వచ్చాను.

లిట్టన్ వంశీయులు పదిహేనవ శతాబ్దపు చివరి నుండి ఆ భవనంలో నివసిస్తున్నారు. పచ్చిక మైదానాల నడుమ బురుజులు, శిఖరాలు, వాటిపైన రాతి రాక్షస మృగాలు. దూరం నుండి చూస్తే చందమామ కథలోని కోటవలె ఉంటుంది. ఆ అలంకారాలను చేయించినవాడు ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్. ‘ది లాస్ట్ డేస్ ఆఫ్ పాంపే’ నవల రాసిన ఆయనే. కాన్‌స్టెన్స్‌కు స్వయాన తాతగారు.

ఆమె తండ్రి రాబర్ట్ లిట్టన్ 1876 నుండి 1880 వరకు మన దేశానికి వైస్రాయి. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసినది ఆయనే. ఆ వైభవాన్ని జ్ఞాపకం చేసే ప్రదర్శన ఒకటి నెబ్‌వర్త్‌లో ఉన్నది. దాని ముందు నిలబడినప్పుడు నాకు మా నాయనమ్మ మాట గుర్తుకు వచ్చింది. మాది కర్నూలు జిల్లా. ఎవరైనా అన్నం పారవేస్తే ఆమె "ధాత కరువులో ఇది దొరికి ఉంటే ఎందరు బ్రతికేవారో" అనేది. ఆ కరువును ఆమె కూడా చూడలేదు. తన పెద్దల నోట విన్నది. ఢిల్లీలో దర్బారు జరిగిన సంవత్సరమే ఆ ధాత. ఆ కరువు పనులలో ఒళ్ళు వంచి రాళ్ళు కొట్టిన మగవాడికి వైస్రాయి ప్రభుత్వం నిర్ణయించిన దినకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ ఇంటి బిడ్డ ముప్ఫై ఏళ్ళ తరువాత ఆకలిని తానుగా కోరి ఎన్నుకున్నదంటే ఆశ్చర్యమే గదా!

ఆమె బంధువర్గం ఎటువంటిదో చూడండి. తల్లి విక్టోరియా రాణికి ఆంతరంగిక పరిచారిక. చెల్లెలు ఎమిలీ భర్త కొత్త ఢిల్లీని నిర్మించిన శిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని ఇంగ్లండులో కన్నతల్లివలె ఆదరించినది ఆ ఎమిలీయే. తమ్ముడు విక్టర్ తరువాతి కాలంలో బెంగాల్ గవర్నరు అయినాడు. కాన్‌స్టెన్స్ మాత్రం పెళ్ళి చేసుకోక, బలహీనమైన గుండెతో, తల్లికి తోడుగా నెబ్‌వర్త్ ఊళ్ళోనే నలభై ఏళ్ళ వయసు వరకు నిశ్శబ్దంగా గడిపింది.

1909 ఫిబ్రవరిలో స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ పార్లమెంటు వద్దకు వెళ్ళిన బృందంలో ఆమె చేరింది. అరెస్టు చేసి, లండన్‌లోని హాలోవే జైలుకు పంపారు. ఆమెతో పట్టుబడినవారు రాతి గదులకు వెళ్ళారు. ఆమెను మాత్రం జైలు ఆసుపత్రిలో పరుపు మీద పడుకోబెట్టారు. గుండె బలహీనత అన్నారు. కారణం గుండె కాదు, ఇంటిపేరు అని ఆమెకు అర్థమైంది. నన్నూ అందరితోపాటు ఉంచండి అని ప్రాధేయపడింది. వినకపోయేసరికి, పదునైన ముక్క ఒకటి సంపాదించి తన రొమ్ము మీద ఓటు నినాదం చెక్కుకోవడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం పూర్తికాగానే అధికారులు కంగారుపడి, చివరకు ఆమెను మామూలు గదికి మార్చారు. సౌఖ్యం వద్దని ఇంత పోరాడవలసి రావడం ఎవరైనా విన్నారా?

అదే ఏడు అక్టోబరులో న్యూకాజిల్‌లో మళ్ళీ అరెస్టయింది. జైలులో అందరూ నిరాహారదీక్ష పూనారు. వైద్యుడు వచ్చి ఆమె గుండెను శ్రద్ధగా పరీక్షించి, బాగా లేదని తేల్చాడు. కొద్దిరోజులకే విడుదల చేశారు. ప్రసిద్ధ పత్రికా రచయిత భార్య ఒకామెను కూడా అట్లాగే వదలిపెట్టారు. పేరూ ప్రతిష్ఠా లేని తక్కిన స్త్రీలకు మాత్రం గొట్టాలతో బలవంతంగా ఆహారం ఎక్కించారు.

ఆ డిసెంబరులో లివర్‌పూల్ నుండి మరొక వార్త వచ్చింది. సెలీనా మార్టిన్ అనే శ్రామికవర్గపు యువతిని, విచారణ కూడా పూర్తికాకముందే, వాల్టన్ జైలులో అదే విధంగా హింసించారని. అప్పుడు కాన్‌స్టెన్స్ ఒక నిర్ణయానికి వచ్చింది. తల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకున్నది. చవక కోటు, అందవికారమైన టోపీ, ముక్కు మీద నిలిచే కళ్ళద్దాలు కొనుక్కున్నది. పేరు కూడా కొత్తది పెట్టుకున్నది. వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ను తలచుకొని జేన్ అని, బంధువుల ఇంటిపేరు ఒకటి కుదించి వార్టన్ అని. ఆ వేషంతో లివర్‌పూల్ చేరింది.

మేమూ చేరాము. వాల్టన్ నగరానికి ఉత్తరపు పేట. ఎర్ర ఇటుకల చిన్న ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకున్నట్లు వరుసలుగా నిలబడి ఉంటాయి. ఆ ఇళ్ళ మధ్య నుండి నడుస్తుండగా హఠాత్తుగా జైలు గోడ ఎదురవుతుంది. 1855లో తెరిచిన ఈ కారాగారం నేటికీ పనిచేస్తున్నది. బ్రిటన్‌లో చిట్టచివరి ఉరిశిక్షలు 1964 ఆగస్టు 13న రెండు జైళ్ళలో ఒకే వేళకు అమలయ్యాయి. అందులో ఒకటి ఇక్కడ. 2017లో తనిఖీకి వచ్చిన అధికారులు లోపల ఎలుకలనూ, బొద్దింకలనూ, పగిలిన కిటికీలనూ చూసి, ఇంతటి దుస్థితి తామెక్కడా చూడలేదన్నట్లు నివేదిక ఇచ్చారు. ఇటువంటి జైలుకు ప్రముఖులు రారు కాబోలు అనుకున్నాను.

1910 జనవరి 14 రాత్రి జేన్ వార్టన్ ఈ గోడ పక్కనే నిలబడి, లోపల ఉన్న ఖైదీలను విడిచిపెట్టాలని ప్రసంగించింది. జనాన్ని వెంటబెట్టుకొని జైలు అధికారి ఇంటి వైపు నడిచింది. తనను తప్పకుండా పట్టుకొనేటందుకు ఆయన తోటలోకి రాళ్ళు జారవిడిచింది. మేజిస్ట్రేటు పద్నాలుగు రోజుల కఠినశిక్ష, మూడవ తరగతి అన్నాడు.

ఈ తరగతి అన్న మాట పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. 1898 నాటి చట్టం ఇంగ్లండు ఖైదీలను మూడు తరగతులు చేసింది. మొదటి తరగతి వారికి సొంత బట్టలు, సొంత భోజనం, పుస్తకాలు, ఉత్తరాలు. మూడవ తరగతి వారికి ముతక బట్ట, చెక్క పడక. ఎవరు ఏ తరగతికి తగినవారో న్యాయమూర్తి చూపులోనే తేలేది.

జేన్ వార్టన్ కూడా నిరాహారదీక్ష చేసింది. నాలుగవ రోజున వైద్యుడు వచ్చాడు. ఈసారి నాడి పట్టలేదు, గుండె వినలేదు. వార్డర్లు ఆమెను అదిమిపట్టారు. ఉక్కు పరికరంతో నోరు తెరిపించి, గొంతులోకి గొట్టం దించి ఆహారం పోశారు. ఆమె వాంతి చేసుకున్నది. వెళ్ళిపోతూ ఆ వైద్యుడు ఆమె చెంప మీద చరిచాడని తానే రాసింది. ఇట్లా ఎనిమిదిసార్లు జరిగింది. మధ్యలో ఒకనాడు చిన్న వైద్యుడొకడు గుండెను పైపైన విని, భేషుగ్గా ఉన్నదన్నాడట! మూడు నెలల క్రితం న్యూకాజిల్‌లో శిథిలంగా ఉన్న ఆ గుండే.

చివరకు ఆమె ఎవరో బయటపడింది. జనవరి 23న విడుదల చేశారు. తీసుకుపోవడానికి చెల్లెలు ఎమిలీ లండన్ నుండి వచ్చింది. బిడ్డ నడవలేని స్థితిలో బయటికి వచ్చిన ఆ ద్వారం ఏదో చూడాలని నేను చాలాసేపు వెతికాను. ఇప్పుడున్న ద్వారం దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. శనివారం గనుక ములాఖత్‌కు వచ్చినవారు. ఒక యువతి చంటిబిడ్డ బండిని అటూ ఇటూ ఊపుతున్నది. ఒక ముసలాయన చేతిలోని కాగితాన్ని మాటిమాటికి మడిచి విప్పుతున్నాడు. మా జిల్లా జైలు ముందు అరుగు మీద ఇటువంటి ముసలివారిని చిన్నప్పుడు ఎందరినో చూశాను.

కాన్‌స్టెన్స్ చేసిన పరీక్షకు ఫలితం ఏమిటని మీరు అడగవచ్చు. దేశమంతటా గగ్గోలు పుట్టింది. ఆ ఫిబ్రవరిలో హోం మంత్రి అయిన విన్‌స్టన్ చర్చిల్ మార్చిలో కొత్త నియమం ఒకటి తెచ్చాడు. సత్ప్రవర్తన కలిగి, నీచమైన నేరం చేయని ఖైదీలకు సొంత బట్టల వంటి కొన్ని సౌకర్యాలు ఇవ్వవచ్చునని. మంచిదే. కాని దాని అర్థం ఏమిటి? మర్యాదస్తులకు మరొక మెట్టు వేశారు. రొట్టె దొంగిలించి లోపలికి వచ్చిన సెలీనాలకూ, జేన్‌లకూ అది ఏమీ చేయలేదు. గౌరవం కొందరికి పంచితే అది మినహాయింపు అవుతుంది, న్యాయం కాదు.

ఇటువంటి మినహాయింపును చూసి మేమూ ఒకప్పుడు మురిసిపోయిన వాళ్ళమే. ఎం.ఏ. తరగతిలో మా ఆచార్యులు లీ హంట్ కథ చెప్పేవారు. యువరాజును నిందించినందుకు ఆ కవి 1813 నుండి రెండేళ్ళు లండన్‌లో శిక్ష అనుభవించాడు. జైలు గది గోడలకు గులాబీ తీగెల కాగితం అంటించాడు. పైకప్పు మీద ఆకాశం, మేఘాలు చిత్రింపజేశాడు. పియానో తెప్పించుకున్నాడు. భార్యాబిడ్డలు తోడున్నారు. బైరన్ అంతటివాడు చూడవచ్చాడు. ఎంత రసికత అని తరగతి అంతా చప్పట్లు కొట్టాము. ఆ గులాబీల గోడకు అవతలి గదిలో ఎవరున్నారని ఒక్కరమూ అడగలేదు.

మన దేశంలోనూ కథ ఇదే దారిన నడిచింది. లాహోరు జైలులో భగత్ సింగ్, ఆయన సహచరులు 1929లో నిరాహారదీక్ష చేసినది భారతీయ రాజకీయ ఖైదీలను మనుషులుగా చూడాలని. అందులో జతీన్ దాస్ 63 రోజులు ఉపవసించి సెప్టెంబరు 13న ప్రాణం విడిచాడు. బలవంతంగా గొట్టం దించడం వల్లనే ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆ మరణం తరువాత, 1930లో, ప్రభుత్వం ఏం చేసింది? ఖైదీలను ఎ, బి, సి అని మూడు తరగతులు చేసింది. విభజనకు కొలత నేరం కాదు. అంతస్తు, చదువు, అలవాటుపడిన జీవనవిధానం. బయట పరుపు మీద పడుకున్నవాడికి లోపల కూడా పరుపు. బయట నేల మీద పడుకున్నవాడికి లోపల కూడా నేల. కాన్‌స్టెన్స్ తమ్ముడు విక్టర్ తన అక్కకు జరిగిన అన్యాయం గురించి లండన్ పెద్దలతో గట్టిగా పోరాడినవాడే. ఆయన గవర్నరుగా ఉండగానే 1924లో సుభాస్ చంద్ర బోసును విచారణ లేకుండా నిర్బంధించి మాండలే పంపారు. తోబుట్టువు పేరు మీద తెరుచుకున్న కన్ను పరాయి పేరు మీద మూసుకున్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా అంతస్తునుబట్టి ప్రత్యేక తరగతి ఇచ్చే పద్ధతి అన్ని రాష్ట్రాలలో ఒక్కసారిగా పోలేదు. నియమాలలో పోయిన చోట వాడుకలో మిగిలింది. 2024 ఆగస్టులో బెంగుళూరు పరప్పన అగ్రహార జైలు ఆవరణలో ఒక సినిమా కథానాయకుడు కుర్చీలో కూర్చొని, చేత సిగరెట్టు, కప్పు పట్టుకొని తోటివారితో కబుర్లాడుతున్న ఫోటో పత్రికలలో వచ్చింది. హత్య కేసులో విచారణ ఖైదీ ఆయన. కొందరు జైలు ఉద్యోగులను సస్పెండు చేసి, ఆయనను బళ్ళారి జైలుకు మార్చారు. 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆయన బెయిలు రద్దు చేస్తూ, జైలులో ప్రత్యేక మర్యాదలు జరిగితే అధికారులే జవాబు చెప్పుకోవలసి ఉంటుందని హెచ్చరించింది. ఆ ఫోటోలో నన్ను నిలిపినది సిగరెట్టు కాదు, కుర్చీ. 2022 చివరి ప్రభుత్వ లెక్కల ప్రకారం మన జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివారు. ఆ నాలుగు లక్షల మందిలో కుర్చీ ఎందరికి దొరుకుతుంది?

ఈ ప్రశ్న ఇతరులను అడిగే ముందు నేనొక సంగతి ఒప్పుకోవాలి.

అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. చదువుకుంటున్న పట్నంలో ఒక సాయంత్రం, లైసెన్సు లేకుండా, స్నేహితురాలి స్కూటరు నడుపుతున్నాను. సందు మలుపులో బత్తాయి పండ్ల తోపుడు బండిని గుద్దాను. పండ్లు రోడ్డంతా దొర్లాయి. ట్రాఫిక్ ఆగింది. ఇద్దరినీ స్టేషనుకు తీసుకుపోయారు. తప్పు నాది, మలుపులో వేగం తగ్గించనిది నేను. మా నాన్నగారి స్నేహితుడు ఒకాయన ఎక్కడికో ఫోను చేశాడు. అంతే. నాకు కుర్చీ వేశారు. టీ వచ్చింది. "భయపడకమ్మా" అన్నారు. బండి అతను గోడవారగా నేల మీద కూర్చొని ఉన్నాడు. రోడ్డుకు అడ్డంగా బండి పెట్టాడని అతని మీద కోపం చేస్తున్నారు. అరగంటలో నాన్నగారు వచ్చి నన్ను ఇంటికి తీసుకువెళ్ళారు. నేను లేచినప్పుడు అతను తల ఎత్తి చూశాడు. ఖాళీ అయిన కుర్చీలో అతనిని ఎవరూ కూర్చోమనలేదు. ఆ రాత్రంతా అతను అక్కడే ఉన్నాడని మరునాడు తెలిసింది. నేను పరీక్షకు చదువుకుంటున్నాను, మళ్ళీ అడగలేదు.

నాకు అన్యాయం చేయాలన్న ఆలోచన లేదు. టీ ఇచ్చిన కానిస్టేబుకూ లేదు, ఫోను చేసిన పెద్దమనిషికీ లేదు. ఆడపిల్ల, చదువుకున్న పిల్ల, తెలిసినవారి పిల్ల అని జాలి చూపారు. హాలోవేలో పరుపు వేసినవారూ అట్లాగే జాలి చూపి ఉంటారు. జాలి తప్పు కాదు. అది మనిషిని చూసి కాక పేరు విని పుట్టడం తప్పు. నేను టీ తాగాను. ఆమె పరుపు వద్దన్నది. ఆమెకూ నాకూ అంతే తేడా, అది చాలా పెద్ద తేడా.

ఆమె అందుకు మూల్యం చెల్లించింది. 1912లో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేతితో నేర్చుకొని రాసిన పుస్తకమే నేనిప్పుడు తెలుగు చేస్తున్నది. 1918లో కొందరు స్త్రీలకు ఓటు వచ్చింది. అందరికీ సమానంగా వచ్చిన 1928 నాటికి ఆమె లేదు. 1923 మేలో, యాభై నాలుగవ ఏట చనిపోయింది.

జైలు ద్వారం తెరుచుకున్నది. నిలబడినవారు ఒక్కొక్కరే పేరు చెప్పి లోపలికి వెళ్ళసాగారు. నేను ఆ స్టేషను సంగతి తమ్ముడికి చెప్పాను. అప్పుడు వాడు బడికి వెళ్ళే పిల్లవాడు. నాన్నగారు నన్ను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చినది లీలగా గుర్తున్నదట.

"ఆ బండి అతను ఏమయ్యాడక్కా?"

"తెలియదురా."

"పేరేమిటి?"

ఆ గోడ పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించాను. స్టేషనులో నా పేరును ఎంతమంది ఎన్నిసార్లు పలికారో నాకు జ్ఞాపకమున్నది. అతని పేరు ఎవరూ అడగగా నేను వినలేదు.